పద్నాలుగో అక్షరం

మా ఆవిడ తరఫు చుట్టాలమ్మాయి కీర్తన క్లేటన్‌లో ఉంటుంది. నలుగురు ఆడపిల్లలు కలిసి అద్దెకు తీసుకున్న ఇల్లు, పగలు యూనివర్సిటీ, వారాంతాల్లో సూపర్‌మార్కెట్‌లో పని. ఈ మధ్య ఫోన్ చేసి, తెలుగు దుబాసీగా పరీక్ష రాయబోతున్నానని చెప్పింది.

"చాలా ఈజీ కదా అంకుల్? తెలుగు వచ్చు, ఇంగ్లీష్ వచ్చు. హాస్పిటల్‌కి వచ్చే మన ఆంటీలకి, అంకుల్స్‌కి కొంచెం హెల్ప్ చేయడమే కదా?"

"ఏం హెల్ప్ చేస్తావమ్మా?"

"అదే... వాళ్ళకి సరిగ్గా ఎక్స్‌ప్లెయిన్ చేయడం రాదు కదా. మనం కొంచెం నీట్‌గా చెప్తాం."

ఆ 'నీట్‌గా' వినగానే ఫోను చెవి దగ్గర్నుంచి దించేశాను. పక్కనే ఉన్న మా ఆవిడ సుభద్ర, "ఏవైందండీ, లైను కట్టయిందా?" అంది. కట్టవలేదు. బ్రిస్బేన్‌లో ఇరవై రెండేళ్ళు చైనీస్ దుబాసీగా పనిచేసి, ఇంకా ఓపిక ఉండగానే మానేసినవాణ్ణి నేను. ఎందుకు మానేశావని అడిగినవాళ్ళకి ఇప్పటిదాకా ఆరు రకాల కారణాలు చెప్పాను. ఆరూ అబద్ధాలే. అందులో రెండు చాలా బాగుంటాయి కూడా. ఏడోది నిజం. దాన్ని కీర్తనకి ఫోన్‌లో చెప్పలేకపోయాను, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఫ్యాను ఉన్న వరస

రామచంద్రపురం వాడికి చైనీస్ ఎలా వచ్చిందని అందరూ అడుగుతారు. చైనా ఓడ ఒకటి కాకినాడ రేవులో ఇసుకలో కూరుకుపోతే, దాని వంటవాడు మా ఇంటి అరుగు మీద ఏడాదిపాటు ఉన్నాడని ఒకచోట చెప్పాను. క్రెయిగీబర్న్‌లో జరిగిన ఒక పెళ్ళిలో ఇంకాస్త ముందుకు పోయాను. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో చైనా యాత్రికుల పడవ మీదికి వచ్చిన మొసలిని నేను చైనీస్‌లో కసిరితే, అది సిగ్గుపడి వెనక్కి వెళ్ళిందన్నాను. పిల్లలు కాసేపు నమ్మారు. పెద్దవాళ్ళు వాళ్ళకంటే ఎక్కువసేపు నమ్మారు.

నిజం ఇంతే. ఢిల్లీలో యూనివర్సిటీలో చేరడానికి వెళ్ళిన రోజున ఎండ మండిపోతోంది. ఫ్రెంచి కోర్సుకి పొడుగాటి వరస, నెత్తిన ఫ్యాను లేదు. చైనీస్ కోర్సుకి ముగ్గురే ఉన్నారు, పైన ఫ్యాను తిరుగుతోంది. వెళ్ళి దాని కింద నిలబడ్డాను. తర్వాత బీజింగ్‌లో రెండేళ్ళు, ఒక వ్యాపార సంస్థలో కొన్నేళ్ళు, పెళ్ళి, బ్రిస్బేన్. నా బతుకంతా ఆ ఫ్యాను గాలికి కొట్టుకొచ్చిందే.

నన్ను చూసి చైనావాళ్ళు దుబాసీ ఎక్కడ అని నా వెనక వెతికేవాళ్ళు. నేను నోరు తెరిచాక కాసేపు నిశ్శబ్దం ఉండేది. ఆ నిశ్శబ్దం నాకు చాలా ఇష్టంగా ఉండేది. వేదిక ఎక్కినట్టు ఉండేది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి మొదటి మాట ఇదే చెబుతాను. ఆ ఇష్టం మీలో ఉంటే జాగ్రత్త. దుబాసీ పనికి వేదిక లేదు.

కాలాన్ని కొలిచే మాటలు

ఆ భాషలో నన్ను కట్టిపడేసింది కాలం గురించీ తరాల గురించీ వాళ్ళకున్న మాటలు. పెద్దవాళ్ళని మీరు ఎప్పుడు పుట్టారని అడిగితే అంకె రాదు. 'విమోచనకు ముందు' అంటారు, అంటే కమ్యూనిస్టులు రాకముందు. పెళ్ళెప్పుడయిందంటే, పెద్ద కరువుని తలుచుకుని 'గడ్డు మూడేళ్ళు దాటాక' అంటారు. పాతదన్నదల్లా తగలబెట్టించిన కాలాన్ని 'ఆ పదేళ్ళు' అని గొంతు తగ్గిస్తే, ఏ పదేళ్ళని ఎవరూ అడగరు. దేశం బయటి వ్యాపారాన్ని రానిచ్చి, మళ్ళీ అంగళ్ళు తెరుచుకున్న కాలానికి 'తలుపులు తెరిచాక' అని పేరు. వాళ్ళ పిల్లల్ని మాత్రం పుట్టిన ఏడుని బట్టి, గుడ్లకి గ్రేడులు వేసినట్టు 'ఎనభై తర్వాతివాళ్ళు', 'తొంభై తర్వాతివాళ్ళు' అని పదేళ్ళకో బుట్టలో వేస్తారు. పెద్దయ్యాక కూడా అమ్మానాన్నల మీద పడి తినేవాళ్ళని 'ముసలాళ్ళని కొరికే జాతి' అంటారు. బ్రిస్బేన్‌లో చైనావాళ్ళు ఎక్కువగా ఉండే సన్నీబ్యాంక్‌లో టీ తాగుతూ ఆ మాట విన్నప్పుడల్లా మా అబ్బాయి ముఖం గుర్తొచ్చి టీ పొలమారేది.

సామెతలు సరేసరి. 'చక్రవర్తి మారితే మంత్రులూ మారతారు.' 'ముందువాళ్ళు చెట్టు నాటితే వెనకవాళ్ళు నీడన కూచుంటారు.' 'వెనకటి అల ముందటి అలని తోస్తుంది.' 'సంపద మూడు తరాలు దాటదు.' ఆ ఆఖరిది విన్నప్పుడు, మా తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అనే మనవాళ్ళకి వీళ్ళు ఎక్కడో చుట్టాలు అయ్యుంటారనిపించింది. మనకి ప్రభవ, విభవ అని అరవై ఏళ్ళ చుట్టు ఉన్నట్టే వాళ్ళకీ ఉంది. మా నాయనమ్మని ఏ ఏడు పుట్టావే అని అడిగితే 'పెద్ద గాలివాన ఏడు' అనేది. ఆ ముసలాళ్ళు మాట్లాడుతుంటే నాకు మా నాయనమ్మ వినిపించేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. తర్వాత నేను చేసిన తప్పుకి సాకు ఇదే అయింది.

నాలుగు తరాల ఎద్దులు

టూవూంబా దాటాక ఒక పశువుల ఆసామి దగ్గరికి చైనా నుంచి కొనుగోలుదారుడు ఒకాయన వచ్చాడు. ఆసామి టోపీ తీసి, "ఈ నేల మీద మాది నాలుగో తరం" అని గొప్పగా చెప్పాడు. కొనేవాడు ఎద్దుల డొక్కలు చూసి, నవ్వకుండా, "సంపద మూడు తరాలు దాటదు" అన్నాడు. వాటి డొక్కలు చూస్తే ఆ మాటలో అన్యాయమేమీ లేదు.

నేను ఏం చేశాను? "ముందువాళ్ళు చెట్టు నాటితే వెనకవాళ్ళు నీడన కూచుంటారని మా దేశంలో సామెత ఉంది. మీ తాతగారికి నా నమస్కారం అంటున్నారు" అని చెప్పాను. ఆసామి కళ్ళు చెమర్చాయి. వాళ్ళ తాత ఫొటో తెచ్చి చూపించాడు. బేరం కుదిరింది. ఇద్దరూ నా భుజం తట్టారు. ఆ కథ నేను ఎన్నిసార్లు చెప్పానంటే, చెప్పగా చెప్పగా ఆ ఆసామిది ఏడో తరం అయింది.

దుబాసీలని పంపే మా ఏజెన్సీలో పనులు పంచే షెరిల్ మాత్రం ఆ కథ విని నవ్వలేదు. పొట్టి జుట్టు, పెద్ద గొంతు, అరచేతిలో ఎప్పుడూ నలిగిన టిష్యూ. "మూర్తీ, నువ్వు గొట్టానివి. ఈ చివర నీళ్ళు పోస్తే ఆ చివర నీళ్ళే రావాలి. నువ్వు మధ్యలో కార్డియల్ కలుపుతున్నావు" అంది. ఇక్కడి పిల్లలు నీళ్ళలో కలుపుకుని తాగే తియ్యటి రంగు పాకం అది.

"తాగినవాళ్ళకి బాగుందిగా, షెరిల్?"

"దాహం ఎవరిదో నీకు తెలీదు. షుగరు ఎవరికుందో అదీ తెలీదు."

ఆవిడ గురించి చాలా హాస్యాలు చెప్పుకున్నాం మేము. ఈ మాట మాత్రం హాస్యం కాదని నాకు తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. ఒకచోట మెచ్చుకోలు తెచ్చిన తప్పు అలవాటవుతుంది. అలవాటయ్యాక మనం దాన్ని నైపుణ్యం అంటాం.

భారతదేశపు మేక

దక్షిణ బ్రిస్బేన్‌లో ఒక ఆస్పత్రి, జ్ఞాపకశక్తి పరీక్షించే విభాగం. వచ్చినాయన లిన్ తాత, ఎనభై దాటినవాడు. ఫూజియన్ ప్రాంతపు యాస, ఇస్త్రీ చేసిన చొక్కా, పై గుండీ దాకా పెట్టుకున్నాడు. వెంట మనవరాలు గ్రేస్. తండ్రి పోయాక ఆ తాతని చూసుకునేది ఆమే. సన్నీబ్యాంక్‌లో ఇల్లు, మందుల షాపులో ఉద్యోగం. ఇక్కడ పుట్టిన మన పిల్లల్లాగే తాత మాట్లాడే వంటింటి మాటలు అర్థమవుతాయి, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. సామెతలు అందవు, చైనీస్ చదవడం రాదు.

డాక్టరు రావడం ఆలస్యమైంది. గ్రేస్ కారుకి చోటు వెతకడానికి వెళ్ళింది. దుబాసీ మనిషితో ఒంటరిగా కూర్చోకూడదు, పిచ్చాపాటీ మాట్లాడకూడదు. అది నియమం. తాత పక్క కుర్చీ మీద చెయ్యి వేసి, "కూచో" అన్నాడు. కూచున్నాను.

"నువ్వు డ్రైవరువి అనుకున్నాను. నీది ఏ జంతువు?"

వాళ్ళలో వయసు అడిగే తీరు అది. పన్నెండు జంతువులు, పన్నెండేళ్ళు. "మేక" అన్నాను.

"నాది డ్రాగన్. భారతదేశం నుంచి మేక వచ్చి నాకు నోరవుతుందా!" అని చొక్కా ఊగేలా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మేకా, వీళ్ళు నా బుర్ర పోయిందని రాస్తే ముసలాళ్ళ ఇంట్లో పెడతారు. అక్కడ నా మాట తెలిసినవాడు ఒక్కడూ ఉండడు. మాట లేనిచోట మనిషి ఎన్నాళ్ళుంటాడు చెప్పు?"

 ఆయనే మళ్ళీ, "నా బుర్రకేం? విను" అని కళ్ళు మూసుకుని ఒక పద్యం చదివాడు. అయిదేసి అక్షరాల నాలుగు పాదాలు, మొత్తం ఇరవై అక్షరాలు.

అది వాళ్ళ ఇంటి తరాల పద్యం. ఎప్పుడో పాతకాలపు పూర్వీకుడొకడు కూర్చి పెట్టాడు. ఒక్కో అక్షరం ఒక్కో తరానిది. ఆ తరంలో పుట్టిన వాళ్ళందరి పేర్లలో, ఇంటిపేరుకీ సొంత పేరుకీ మధ్య ఆ అక్షరం ఉంటుంది. మన ఇంటిపేరు ఏ వంశమో చెబుతుంది. వాళ్ళ నడిమి అక్షరం ఆ వంశం నిచ్చెనలో ఎన్నో మెట్టు మీద నిలబడ్డావో చెబుతుంది. తాతది పదకొండోది, 'దే', ధర్మం. ఆయన కొడుకుది 'చ్వాన్', అందించడం. గ్రేస్ చైనీస్ పేరులో 'జ్యా', ఇల్లు. మిగిలిన ఏడూ ఇంకా పుట్టని వాళ్ళవి. పద్యం రాసి ఉన్న వంశగ్రంథాన్ని 'ఆ పదేళ్ళలో' వాకిట్లో పెట్టి తగలబెట్టారట. తాత దాన్ని బుర్రలో పెట్టుకుని సముద్రం దాటాడు. ఇప్పుడది ఇంకెక్కడా లేదు.

నేను ఉండబట్టలేక నోట్‌బుక్ తీసి ఇరవై అక్షరాలూ రాసుకున్నాను. ఆయన వేలు పెట్టి, ఒక గీత తప్పుంటే దిద్దాడు కూడా.

నాలుగంకెలు

పరీక్ష జరిగే గదిలోకి ఇంటివాళ్ళని రానివ్వరు. డాక్టరు, తాత, నేను.

"ఇది ఏ సంవత్సరమో చెప్పగలరా?"

తాత తడుముకోకుండా, "తలుపులు తెరిచాక నాలుగైదేళ్ళు అయ్యుంటుంది. బజార్లో మళ్ళీ వేరుశనగలు అమ్ముతున్నారుగా" అన్నాడు.

తలుపులు తెరిచి నలభై ఏళ్ళు దాటింది.

నాకు తెలుసు. ఆ క్షణంలోనే తెలుసు. మా నాయనమ్మ గాలివాన ఏడు అన్నట్టే ఈయనా అంటున్నాడు, అంకెల్లో చెప్పే అలవాటు లేదు అంతే, దాన్ని అంకెల్లోకి మార్చడం కూడా నా పనే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని, ఆ ఏడాది నాలుగంకెలూ డాక్టరుకి సరిగ్గా అప్పజెప్పాను. డాక్టరు టిక్కు పెట్టాడు. ఆ టిక్కు చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత అంతా సులువైపోయింది. దేశ ప్రధాని ఎవరంటే, "ఎవరైతే ఏం, చక్రవర్తి మారితే మంత్రులూ మారతారు" అన్నాడు తాత. దాన్ని గడుసు జవాబులా చెప్పాను. డాక్టరు నవ్వాడు. గుర్తుపెట్టుకోమని ఇందాక చెప్పిన మూడు మాటలు గుర్తున్నాయా అంటే, ఒకటి చెప్పి, "వెనకటి అల ముందటి అలని తోసేసింది" అన్నాడు. నేను చెయ్యి ఊపుతూ మరీ చెప్పాను. డాక్టరు మళ్ళీ నవ్వి, "నా బుర్ర ఇంత బాగుంటే చాలు" అన్నాడు. నలుగురి ముందు పాడి మెప్పించినంత సంతోషం నాకు.

పిల్లలూ, ఇది ఇరవై రెండేళ్ళకి నేర్చుకున్నాను, మీరు మొదటి రోజే తెలుసుకోండి. సామెత తెలివికి సాక్ష్యం కాదు. అది చిన్నప్పుడు ఎక్కాలతో పాటు లోపలికి పోతుంది, అన్నీ పోయాక పోతుంది. నిన్న ఏం తిన్నాడో తెలియని మనిషి కూడా సామెతలు ధారాళంగా చెబుతాడు. డాక్టరుకి ఆ సంగతి తెలుసు. కానీ డాక్టరుకి వినిపించింది తాత మాట కాదు, నా మాట. ఆ రోజు పరీక్ష రాసింది నేను. పాసయిందీ నేనే.

బయట గ్రేస్ డాక్టరుని అడిగింది. "ఆయన దగ్గర మా ఇంటి పద్యం ఒకటి ఉంది. కూర్చుని రాసుకోవాలి. ఏమైనా తొందరుందా?"

"కంగారేం లేదు. వయసుకి తగిన మరపే. ఏడాది తర్వాత మళ్ళీ చూద్దాం."

"అయితే కొత్త సంవత్సరానికి పెర్త్ నుంచి మా అమ్మ వైపు బాబాయి వస్తాడు. కుంచెతో రాయడం ఆయనకే వచ్చు. అప్పుడు పద్ధతిగా రాయిస్తాను."

నేను అక్కడే నిలబడి విన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. పైగా, పని అయ్యాక నోట్సు నాశనం చెయ్యాలన్నది ఇంకో నియమం. నోట్‌బుక్‌లో ఆ కాగితాలు చింపి, రహస్యపత్రాల బుట్టలో వేసి, చేతులు దులుపుకుని బయటికొచ్చాను. పెద్ద నియమాన్ని తప్పినవాణ్ణి, చిన్న నియమాన్ని అంత శ్రద్ధగా పాటించాను. ఇరవై అక్షరాలు ఆ బుట్టలో పోయాయి.

ఎవరూ మొయ్యని అక్షరాలు

పెర్త్ బాబాయి ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడు వస్తానన్నాడు. ఇంతలో తాత ఒకరోజు పొద్దున సన్నీబ్యాంక్‌లో అంగళ్ళ ముందు కార్లు ఆపే చోట నిలబడి, ఊరికి వెళ్ళే బండి ఎప్పుడొస్తుందని వచ్చేపోయే వాళ్ళని అడుగుతూ కనిపించాడు. మళ్ళీ అదే ఆస్పత్రి. వేరే డాక్టరు. నాకే పిలుపు వచ్చింది. గ్రేస్ నిండు గర్భిణి.

ఈసారి గొట్టంలా కూర్చున్నాను. ఏ సంవత్సరం అంటే తాత నా వైపు చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. "ఏమీ అనలేదు" అని చెప్పాను. నా బతుకులో నేను చేసిన అతి కష్టమైన అనువాదం అదే.

పరీక్ష అయ్యాక గ్రేస్ తాత చెయ్యి పట్టుకుని తనకొచ్చిన వంటింటి చైనీస్‌లో పద్యం చెప్పమంది. ఆయన కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. మొదటి పాదం, రెండో పాదం, తన అక్షరం, కొడుకు అక్షరం, గ్రేస్ అక్షరం. అక్కడ ఆగి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. మూడుసార్లు చెప్పించింది. మూడుసార్లూ 'జ్యా' దగ్గరే గోడ. రోజూ నోటితో పిలిచిన పేర్లలో ఉన్న అక్షరాలు మిగిలాయి. ఎవరూ ఇంకా మొయ్యని ఏడూ రాలిపోయాయి. గ్రేస్ తన ఇంటిపేరే ఇవ్వాలనుకున్న కడుపులోని బిడ్డకి కావలసింది పద్నాలుగోది.

వసారాలో గ్రేస్ నన్ను ఆపింది. "ఆ రోజు కూడా మీరే కదా? ఇంటికొచ్చాక తాత ఎంత సంతోషంగా చెప్పాడో. 'ఆ భారతదేశపు మేక నా పద్యం రాసుకుంది, ఇక భయం లేదు' అన్నాడు. మీ దగ్గర ఉందా?"

ఇక భయం లేదు అన్నాడట.

"రెండు రోజులు టైమివ్వండి" అన్నాను. లేదని చెప్పే నోరు నాకు అప్పటికి ఇంకా రాలేదు.

ఇంటికొచ్చి కాగితం ముందేసుకున్నాను. ఆఖరి పాదంలో 'వసంతం' ఉంది, 'దూరం' ఉంది. అంతవరకు ఒట్టేసి చెప్పగలను. పద్నాలుగోది? 'ధర్మాన్ని అందించే ఇల్లు...' ఆ పైన ఏది పెట్టినా కుదురుతుంది. వెలుగు. సముద్రం. నెమ్మది. నేను రాస్తే ఏ పండితుడూ పట్టుకోలేడు. వాళ్ళ తాత చెప్పలేడు. నెల తిరక్కుండా ఆ బిడ్డని ఆ అక్షరంతో పిలుస్తారు, వంద ఏళ్ళకి అదే నిజమవుతుంది. నా కథల్లో ఇంత బాగా నిలిచేది ఇంకోటి ఉండేది కాదు.

సుభద్ర వచ్చి వెనక నిలబడింది. "పొద్దుట్నించీ ఏం గీకుతున్నారండీ? అన్నం చల్లారిపోతోంది."

"ఒక అక్షరం గుర్తు చేసుకుంటున్నా."

"గుర్తు చేసుకుంటున్నారా, అల్లుతున్నారా?"

పెన్ను కింద పెట్టాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూచుంది. సంగతంతా చెప్పాను, నాలుగంకెలతో సహా. కాగితం తన వైపు లాక్కుని బోర్లించింది. తర్వాత అంది: "మొసలికి చైనీస్ వచ్చన్నారు, విన్నవాళ్ళు నవ్వుకుని ఊరుకున్నారు. కథని విని వదిలేస్తారు. పేరుని మొయ్యాలండీ, ఆ పిల్ల జన్మంతా మొయ్యాలి. పెళ్ళయిన కాణ్ణించీ చూస్తున్నాను, 'నాకు తెలీదు' అన్న మాట మీ నోట వినలేదు. ఒక్కసారి అనండి, ఏవైపోతారు?"

వేరుశనగలు

సన్నీబ్యాంక్‌లో గ్రేస్ వంటింట్లో కూర్చుని చెప్పాను. పద్యం నా దగ్గర లేదని, పద్నాలుగోది నాకు తెలీదని, నోట్సు చింపేశానని. అక్కడితో ఆపి ఉండొచ్చు. ఆపకుండా, పరీక్ష రోజు ఏం జరిగిందో కూడా చెప్పాను.

ఆమె టేబుల్ మీద చేతులు పెట్టుకుని విన్నది. "ఆ రోజు తాత ఏమన్నాడో అదే నాకు ఇప్పుడు చెప్పండి. మార్చకుండా."

"తలుపులు తెరిచాక నాలుగైదేళ్ళు అయ్యుంటుంది. బజార్లో మళ్ళీ వేరుశనగలు అమ్ముతున్నారుగా."

"వేరుశనగలా?" నవ్వబోయింది. నవ్వు మధ్యలో విరిగింది. "ఈ ఒక్క మాట ఆ రోజు వినుంటే, కుంచె కోసం బాబాయి కోసం ఆగేదాన్ని కాదు. ఆ వారమే విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పెన్సిల్‌తో రాసుకునేదాన్ని."

"తెలుసు."

"డాక్టరు ఏమన్నారో తెలుసా? మీ తాత భలే చమత్కారి అన్నారు. ఆ చమత్కారం మీదన్నమాట." లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. వెనక్కి తిరక్కుండానే, "మిమ్మల్ని తిట్టాలో వద్దో నాకు తెలీడం లేదు. టీ తాగి వెళ్ళండి" అంది.

ఆ టీ తాగడం కంటే తిట్లు తినడమే తేలికయ్యేది.

షెరిల్‌కి చెప్పాను. "నీ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు మూర్తీ" అంది. నేనే చేస్తున్నానన్నాను. టిష్యూ కాసేపు నలిపి, ఆస్పత్రికి ఉత్తరం రాసింది. 'నేను చెప్పలేదా' అని అంటుందనుకున్నాను. అనలేదు. ఆ నెలాఖరుతో పని మానేశాను. కొందరు పాత మిత్రులు, అంత దానికి మానెయ్యాలా, నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఆ జబ్బు ఆగేదా అన్నారు. జబ్బు ఆగేది కాదు. కాని ఆయన పద్యం ఇంకా నోట్లో ఉన్న ఒక ఏడాది వాళ్ళదై ఉండేది. దాన్ని నేను నవ్వులకి ఖర్చుపెట్టాను. దయతో చేశానని కూడా అనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు కొంచెం వేరుగా అనుకుంటున్నాను. దయ ఉంటే పరీక్ష అయ్యాక డాక్టరుతో ఒక మాట చెప్పేవాణ్ణి, ఈయనకి భయంగా ఉంది, తన భాష మాట్లాడేవాళ్ళున్న చోటు చూడండని. అది కూడా హద్దు దాటడమే, కానీ అడిగి దాటడం. నేను అడగలేదు. నాకు కావలసింది చప్పట్లు.

కీర్తనా, హాస్పిటల్‌కి వచ్చే ఆంటీ గజిబిజిగా మాట్లాడితే గజిబిజిగానే చెప్పు. మధ్యలో ఆగిపోతే నువ్వూ ఆగు. ఆ ఆగడంలోనే ఆవిడ జబ్బు ఉండొచ్చు. నీట్‌గా చెప్పకు.

అట్ట

బిడ్డ పుట్టిన నెలకి ఎర్రరంగు వేసిన గుడ్లు పంచుతారు వాళ్ళు. గ్రేస్ మమ్మల్ని పిలుస్తుందనుకోలేదు. పిలిచింది. సుభద్ర గవ్వలు చేసి పట్టుకొచ్చింది. తాత కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. పై గుండీ దాకా పెట్టుకున్న చొక్కా. వారంలో మూడు రోజులు చైనీస్ మాట్లాడే ఆయా వస్తుందట, మిగతా రోజులు గ్రేస్.

గోడ మీద ఎర్రటి అట్ట. పెర్త్ బాబాయి ఎట్టకేలకి వచ్చి కుంచెతో రాశాడు. ఒకదాని కింద ఒకటి నాలుగు పేర్లు. తాత పేరు, కొడుకు పేరు, గ్రేస్ పేరు, మూడేసి అక్షరాలు. అడుగున పాపాయిది. మొదట లిన్, చివర 'ఆన్', అంటే క్షేమం. నడుమ ఏమీ లేదు. రెండక్షరాల పేరుని మూడక్షరాల పేర్ల కింద రాసేటప్పుడు నడుమ చోటు వదిలి వరస కలుపుతారు, అది మామూలే. అక్కడ వదిలింది మాత్రం వరస కోసం కాదు.

"ఏదో ఒకటి పెట్టమన్నారు అందరూ" అంది గ్రేస్, పాపని భుజాన వేసుకుని. "నాకు ఇష్టం లేకపోయింది. పాపకి ఎప్పుడైనా దొరికితే తనే రాసుకుంటుంది."

తాత లేచి మెల్లగా అట్ట దగ్గరికి నడిచాడు. పేర్ల మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. దే. చ్వాన్. జ్యా. నాలుగో వరసలో వేలు ఏమీ రాయని ఎర్రటి చోటు మీద ఆగిపోయింది. అక్కడే గోకాడు, మరకేదో అంటుకుని అక్షరం కనపడనట్టు. నా వైపు తిరిగి ఏదో అన్నాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో నాకు తెలీదు.

"ఏమంటున్నాడు?" అంది గ్రేస్.

నా నోటికి ఎన్ని మాటలు వచ్చాయో. ఆ తల్లి మనసు కుదుటపడే మాటలు, అందరి కళ్ళూ చెమర్చే మాటలు.

"'ఇక్కడ ఒకటి ఉండాలి' అంటున్నారు" అన్నాను.